లినక్స్ అప్‌గ్రేడ్ తరువాత బూట్, డిస్‌ప్లే సమస్యలు: ఢిల్లీ రాజధాని ప్రాంతం

నిర్వచనం, పరిధి

లినక్స్ వ్యవస్థను ఒక విడుదల నుంచి తరువాతి విడుదలకు మార్చాక గానీ, దాని కేంద్రభాగమైన కెర్నల్‌ను నవీకరించాక గానీ కంప్యూటరు లాగిన్ తెర దాకా రాకుండా దారిలో ఆగిపోతే దాన్ని బూట్ సమస్య అంటారు. వ్యవస్థ లోపల పూర్తిగా లేచినా తెర నల్లగా ఉండిపోవడం, మినుకుమినుకుమనడం, బొమ్మ సాగదీసినట్టు కనిపించడం, లాగిన్ అయిన మరుక్షణం మళ్లీ లాగిన్ తెరకే రావడం డిస్‌ప్లే సమస్యల కిందికి వస్తాయి. వాడుకరి కంటికి చాలాసార్లు రెండూ ఒక్కటే, ఎదురుగా నల్ల తెర. చికిత్స మాత్రం వేరు. బూట్ ఏ మెట్టు దగ్గర ఆగిందో గుర్తిస్తే మరమ్మతులో పెద్ద భాగం తీరినట్టే.

అప్‌గ్రేడ్ మార్చేది కెర్నల్‌ను, డ్రైవర్లను, బూట్ లోడర్‌ను, వ్యవస్థ లైబ్రరీలను. హోమ్ డైరెక్టరీలోని పత్రాలు, ఫొటోల జోలికి అది పోదు. కాబట్టి ఈ సమస్యలు వచ్చిన యంత్రాల్లో వాడుకరి ఫైళ్లు సాధారణంగా భద్రంగానే ఉంటాయి. డిస్కును ఫార్మాట్ చేయడం మిగతా దారులన్నీ మూసుకుపోయాక ఆలోచించవలసిన పని.

ఢిల్లీ ప్రాంతంలో నేపథ్యం

1990ల ద్వితీయార్ధంలో, 2000ల మొదట్లో రాజధాని ప్రాంతానికి లినక్స్ ఎక్కువగా సీడీల మీద వచ్చింది. సైబర్ మీడియా సంస్థ వెలువరించే పీసీ క్వెస్ట్ పత్రిక తన సంచికలతో లినక్స్ సీడీలు పంచింది. ఢిల్లీలోని ఈఎఫ్‌వై సంస్థ 2003 ఫిబ్రవరిలో లినక్స్ ఫర్ యూ మాసపత్రికను ప్రారంభించింది. 2012లో అది ఓపెన్ సోర్స్ ఫర్ యూ అయింది. ఉబుంటును వెలువరించే సంస్థ షిప్‌ఇట్ పథకం కింద 2011 వరకు కోరినవారికి ఉచితంగా సీడీలు పోస్టులో పంపింది. అప్పట్లో అప్‌గ్రేడ్ అంటే చాలామందికి కొత్త సీడీ పెట్టి పాతదాని మీద ఇన్‌స్టాల్ చేయడమే. బూట్ చెడితే అదే సీడీ రెస్క్యూ డిస్కుగా ఉపయోగపడేది. తరువాత అప్‌గ్రేడ్ ఇంటర్నెట్ మీదికి మారింది. దాంతో మరో బూట్ సాధనమేదీ చేతిలో లేకుండానే పని మొదలుపెట్టే అలవాటు వచ్చింది. ఈ మార్పు గురించి ఎక్కువగా మాట్లాడుకోరు కానీ, నల్ల తెర ముందు చిక్కుకుపోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

వాడుకరులు ఒకరికొకరు సాయపడే సంప్రదాయానికి ఢిల్లీలో లినక్స్ వాడుకరుల సంఘం, అంటే ఐలగ్-డి, వేదికైంది. సీఎస్‌డీఎస్ పరిశోధన సంస్థకు చెందిన సరాయ్ విభాగం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు, భారతీయ భాషల కంప్యూటింగ్‌కు చోటిచ్చింది.

ప్రభుత్వ రంగంలో వాడకం పెద్దది. 1976లో ఏర్పడిన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ ప్రధాన కార్యాలయం ఢిల్లీలో ఉంది. సుప్రీంకోర్టు ఈ-కమిటీ ఆధ్వర్యంలో నడిచే ఈ-కోర్ట్స్ పథకం దిగువ న్యాయస్థానాల కోసం ఉబుంటును తన అవసరాలకు తగ్గట్టు మలచుకుని వాడింది. న్యాయాధికారులకు అందులో శిక్షణ ఇచ్చింది. 2015 మార్చిలో కేంద్రప్రభుత్వం ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ స్వీకరణ విధానాన్ని ప్రకటించింది. 2023 ఆగస్టులో రక్షణ మంత్రిత్వశాఖ కంప్యూటర్లలో ఉబుంటు ఆధారిత మాయా వ్యవస్థను పెడుతున్నట్టు వార్తలు వచ్చాయి. చెన్నై కేంద్రంగా ప్రభుత్వ సంస్థ సీ-డాక్ రూపొందించిన బాస్ లినక్స్ తొలి విడుదల 2007 జనవరిలో వెలువడింది. ఒకే నమూనా యంత్రాలు వందల్లో ఉండే కార్యాలయంలో ఒక డ్రైవర్ చెడితే అన్నిటిలోనూ ఒకేసారి చెడుతుంది. అందుకే అక్కడ ముందు ఒక్క యంత్రం మీద అప్‌గ్రేడ్ చేసి, కొన్నాళ్లు చూసి, తరువాత మిగతావాటికి వెళ్లడం మంచి పద్ధతి.

ఇళ్లలో పరిస్థితి దీనికి తలకిందులు. దక్షిణ ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్ కంప్యూటర్ విపణిలో కొత్త యంత్రాలతోపాటు వాడిన ల్యాప్‌టాప్‌లు, విడిగా కొన్న గ్రాఫిక్స్ కార్డులతో కూర్చిన డెస్క్‌టాప్‌లు దొరుకుతాయి. ఒక్కో ఇంట్లో ఒక్కో రకం హార్డ్‌వేర్. వేసవిలో కరెంటు పోయే కాలనీల్లో మరో చిక్కుంది. అప్‌గ్రేడ్ మధ్యలో సరఫరా ఆగితే ప్యాకేజీలు సగం విప్పుకుని, సగం అమరి నిలిచిపోతాయి. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఆసరా ఉంటుంది. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ లేకుండా విడుదల అప్‌గ్రేడ్ మొదలుపెట్టకూడదు.

బూట్ దశలు

కంప్యూటరు మీట నొక్కగానే మొదట నడిచేది మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్. పాత యంత్రాల్లో అది బయాస్, కొత్తవాటిలో యూఈఎఫ్ఐ. అది బూట్ లోడర్‌ను వెతికి పిలుస్తుంది. లినక్స్‌లో 1990ల నాటి లైలో స్థానాన్ని గ్రబ్ ఆక్రమించింది. లైలో అభివృద్ధి 2015తో ఆగిపోయింది. గ్రబ్ రెండు ఫైళ్లను మెమరీలోకి ఎక్కిస్తుంది: కెర్నల్, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్. రెండోది డిస్కును తెరవడానికి కావలసిన డ్రైవర్లతో నిండిన తాత్కాలిక మూట. దాని సాయంతో కెర్నల్ అసలు డిస్కును చేరుకుని సిస్టమ్‌డీకి పగ్గాలు అప్పగిస్తుంది. సిస్టమ్‌డీ 2010లో మొదలైంది. 2015లో డెబియన్ 8, ఉబుంటు 15.04 విడుదలలు దాన్ని ప్రధానంగా స్వీకరించాయి. అది సేవలన్నిటినీ లేపి, చివర డిస్‌ప్లే మేనేజర్‌ను నడిపిస్తే లాగిన్ తెర వస్తుంది.

ప్రతి మెట్టుకూ తనదైన ఆనవాలు ఉంది. తయారీదారు లోగో కూడా రాకపోతే లినక్స్ ఇంకా మొదలే కాలేదు. ర్యామ్, తెర కేబుల్, విద్యుత్ సరఫరా వంటి హార్డ్‌వేర్ అంశాలు చూడాలి. రిపేరు దుకాణాల్లో 'డిస్‌ప్లే నహీ ఆ రహా' (తెర రావడం లేదు) అనే ఒక్క ఫిర్యాదు కింద ఈ లోపాన్నీ, లినక్స్ డ్రైవర్ లోపాన్నీ కలిపేస్తుంటారు. లోగో స్పష్టంగా కనిపించి, ఆ తరువాతే తెర ఆరిపోతే ప్యానెల్, కేబుల్ బాగానే ఉన్నాయని చాలావరకు నమ్మవచ్చు. కొత్త తెర కొనే ముందు ఈ ఒక్క పరీక్ష చేయడం వల్ల డబ్బు మిగులుతుంది.

గ్రబ్ దశలో వైఫల్యాలు

'గ్రబ్ రెస్క్యూ' అనే మాటతో ఖాళీ ప్రాంప్ట్ రావడం ఈ దశకు గుర్తు. గ్రబ్ తన మాడ్యూళ్లున్న విభాగాన్ని కనుక్కోలేకపోయిందని దాని అర్థం. రెండు డిస్కులున్న డెస్క్‌టాప్‌లలో ఇంకో రకం లోపం కనిపిస్తుంది. అప్‌గ్రేడ్ గ్రబ్‌ను ఒక డిస్కు మీద రాస్తుంది, ఫర్మ్‌వేర్ మరో డిస్కు నుంచి బూట్ చేస్తుంది. పాత గ్రబ్ మూలభాగం కొత్త మాడ్యూళ్లను పిలవబోయి, ఫలానా సింబల్ దొరకలేదని ఆగిపోతుంది. 2020లో ఈ లోపం విస్తృతంగా కనిపించింది. ఆ ఏడాది జూలై 29న బూట్‌హోల్ అనే గ్రబ్ భద్రతా లోపం వెల్లడైంది. దాన్ని పూడ్చడానికి డిస్ట్రోలు, అంటే లినక్స్ పంపిణీలు, హడావిడిగా గ్రబ్‌ను నవీకరించాయి. రెడ్ హ్యాట్, సెంట్ఓఎస్ వాడేవారిలో కొందరికి ఆ దిద్దుబాటే బూట్ ఆపేసింది.

విండోస్, లినక్స్ రెండూ ఉన్న డ్యూయల్ బూట్ యంత్రాలకు 2024 ఆగస్టు మరో అనుభవం. ఆ నెల 13న మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన భద్రతా నవీకరణ, పాత బూట్ లోడర్లను నిరాకరించే ఎస్‌బ్యాట్ పట్టికను డ్యూయల్ బూట్ యంత్రాల్లోనూ అమలుచేసింది. సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే బూట్ చేయనిచ్చే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నచోట భద్రతా విధాన ఉల్లంఘన అనే సందేశంతో లినక్స్ ఆగిపోయింది. ఫర్మ్‌వేర్‌లో సెక్యూర్ బూట్‌ను తాత్కాలికంగా ఆపి, లినక్స్‌లోకి వెళ్లి, మోక్‌యుటిల్ ఆదేశంతో ఆ విధానాన్ని తొలగించి, డిస్ట్రో ఇచ్చే కొత్త బూట్ లోడర్‌ను పెట్టుకున్నాక మళ్లీ సెక్యూర్ బూట్ ఆన్ చేయడం పరిష్కారంగా నిలిచింది. లినక్స్ వైపు ఏమీ మార్చకపోయినా లినక్స్ బూట్ చెడిపోవచ్చని ఈ ఘటన చూపింది. విండోస్ పెద్ద అప్‌డేట్ తరువాత కొన్ని యంత్రాల్లో ఫర్మ్‌వేర్ బూట్ క్రమం మారి నేరుగా విండోస్ రావడం కూడా ఇలాంటిదే. ఫర్మ్‌వేర్ మెనూలో ఉబుంటు లేదా ఫెడోరా పేరును మొదటి స్థానానికి తెస్తే అది తీరుతుంది.

ఫర్మ్‌వేర్‌నే తాకిన అరుదైన ఉదాహరణ 2017లో నమోదైంది. అక్టోబరులో వెలువడిన ఉబుంటు 17.10లో కెర్నల్ డ్రైవర్ ఒకటి కొన్ని లెనోవో తదితర ల్యాప్‌టాప్‌ల బయాస్ చిప్‌లో మార్పులు నిలవకుండా చేసింది. యూఎస్‌బీ నుంచి బూట్ చేయడమూ కుదరలేదు. డిసెంబరులో ఆ విడుదల డౌన్‌లోడ్‌ను నిలిపివేసి, 2018 జనవరిలో సరిచేసిన ప్రతిని ఇచ్చారు.

కెర్నల్, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ దశ

కెర్నల్ పానిక్ సందేశంలో రూట్ ఫైల్ వ్యవస్థను మౌంట్ చేయలేకపోయానని ఉంటే, ముందుగా అనుమానించవలసింది బూట్ విభాగం నిండిపోవడాన్ని. డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసిన యంత్రాల్లో బూట్ విభాగం విడిగా, చిన్నదిగా ఉంటుంది. ప్రతి నవీకరణకూ ఒక కొత్త కెర్నల్ వచ్చి చేరుతుంది. చోటు చాలనప్పుడు కొత్త కెర్నల్ ఫైలు పడుతుంది, దాని ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ మాత్రం సగంలో ఆగిపోతుంది. అప్‌గ్రేడ్ సమయంలో చోటు లేదన్న హెచ్చరిక వందల పంక్తుల మధ్య కొట్టుకుపోతుంది. వాడుకరికి రీబూట్ చేశాకే తెలుస్తుంది. ఇక్కడ చాలా డిస్ట్రోల్లో ఉన్న ఒక సదుపాయం ఆదుకుంటుంది. అవి పాత కెర్నల్‌ను కనీసం ఒకటి అట్టిపెడతాయి. గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ తెరిచి పాత కెర్నల్‌ను ఎంచుకుంటే యంత్రం మామూలుగా లేస్తుంది. వాడని పాత కెర్నళ్లను ఆటోరిమూవ్ ఆదేశంతో తీసేసి, కొత్తదాని ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌ను మళ్లీ తయారు చేయించాలి. మెనూ కనిపించకపోతే పాత బయాస్ యంత్రాల్లో షిఫ్ట్ మీటను పట్టి ఉంచాలి, యూఈఎఫ్ఐ యంత్రాల్లో ఎస్కేప్ నొక్కాలి.

ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ అనే మాటతోనే ప్రాంప్ట్ వచ్చి ఆగితే, డిస్కు గుర్తింపు సంఖ్య అయిన యూయూఐడీ సరిపోలేదనో, ఫైల్ వ్యవస్థకు తనిఖీ కావాలనో అర్థం. పైనున్న పంక్తులే కారణం చెబుతాయి. తనిఖీ కోరితే ఎఫ్‌ఎస్‌సీకే ఆదేశానికి ఆ విభాగం పేరిచ్చి నడపాలి. కరెంటు పోయి ఆగిన యంత్రాల్లో ఇది తరచు కనిపిస్తుంది.

సిస్టమ్‌డీ దశ

ఒక డిస్కు కోసం 90 సెకన్లు వేచి చూస్తున్నట్టు లెక్కపెడుతూ, చివరికి ఎమర్జెన్సీ మోడ్‌లో పడటం ఈ దశ లక్షణం. సాధారణంగా మౌంట్ చేయవలసిన డిస్కుల జాబితా ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో ఇప్పుడు లేని డిస్కు, మార్చిన స్వాప్ విభాగం పేరు మిగిలిపోయి ఉంటాయి. ఆ పంక్తి ముందు హ్యాష్ గుర్తు పెట్టి రీబూట్ చేస్తే చాలు.

డిస్‌ప్లే దశ: చరిత్ర, కారణాలు

2009కి ముందు తెర రిజల్యూషన్‌ను అమర్చే పని, తెర మీద బొమ్మ చూపే ఎక్స్ సర్వర్‌ది. ఆ ఏడాది వచ్చిన 2.6.29 కెర్నల్‌తో ఇంటెల్ గ్రాఫిక్స్‌కు ఆ బాధ్యతను కెర్నల్ తీసుకుంది. దీన్ని కెర్నల్ మోడ్ సెట్టింగ్ అంటారు. బూట్ మొదట్లోనే తెర నాణ్యంగా రావడం దీని లాభం. డ్రైవర్ పొరబడితే అంతే తొందరగా తెర నల్లబడటం దీని వెల. గ్రబ్ మెనూలో 'ఇ' నొక్కి, 'లినక్స్' అని మొదలయ్యే పంక్తి చివర 'నోమోడ్‌సెట్' అని చేర్చి, కంట్రోల్-ఎక్స్‌తో బూట్ చేస్తే ఈ వ్యవస్థ ఆగి, తక్కువ రిజల్యూషన్‌లోనైనా తెర వస్తుంది. అలా తెర వచ్చిందంటే లోపం గ్రాఫిక్స్ డ్రైవర్‌దని తేలినట్టు. నోమోడ్‌సెట్ రోగం జాడ తీయడానికే పనికొస్తుంది. దాన్ని శాశ్వతంగా ఉంచేస్తే ల్యాప్‌టాప్ వేడెక్కి, వీడియోలు తడబడతాయి.

ఎక్కువ ఫిర్యాదులు ఎన్‌విడియా చిప్‌ల చుట్టూ ఉంటాయి. కారణం నిర్మాణంలోనే ఉంది. ఇంటెల్, ఏఎండీ డ్రైవర్లు కెర్నల్‌తో కలిసే వస్తాయి. ఎన్‌విడియా సొంత డ్రైవర్ బయటి మాడ్యూల్. కొత్త కెర్నల్ వచ్చిన ప్రతిసారీ డీకేఎంఎస్ అనే సాధనం దాన్ని మళ్లీ కంపైల్ చేయాలి. కెర్నల్ హెడర్లు లేకపోయినా, కొత్త కెర్నల్‌తో డ్రైవర్ కుదరకపోయినా మాడ్యూల్ తయారు కాదు. తయారైనా, సెక్యూర్ బూట్ ఉంటే సంతకం లేని మాడ్యూల్‌ను కెర్నల్ ఒప్పుకోదు. సంతకపు తాళంచెవిని నమోదు చేయమని అడిగే నీలి తెర రీబూట్ తరువాత ఒక్కసారే, కేవలం 10 సెకన్లు కనిపిస్తుంది. ఆ నీలి తెరను పొరపాటున దాటేసినవారే తరువాత డ్రైవర్ పాడైందని అనుకుంటుంటారు.

వాడిన ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా అమ్ముడయ్యే చోట మరో అంశం గుర్తుంచుకోవాలి. పాత చిప్‌లకు ఎన్‌విడియా మద్దతు దశలవారీగా ముగుస్తుంది. జీఫోర్స్ 400, 500 శ్రేణులకు పనికొచ్చే 390 డ్రైవర్ శాఖకు 2022 చివరలో మద్దతు ఆగింది. అలాంటి యంత్రాన్ని కొత్త విడుదలకు మార్చితే సొంత డ్రైవర్ దొరకక, 2010 నుంచి కెర్నల్‌లో ఉన్న స్వేచ్ఛా డ్రైవర్ నూవో మీద ఆధారపడాలి. ఏఎండీ వాడుకరులు దీన్ని 2016లోనే చూశారు. ఉబుంటు 16.04 పాత ఎఫ్‌జీఎల్‌ఆర్‌ఎక్స్ డ్రైవర్‌ను వదిలేసింది. 14.04 నుంచి దాన్ని తొలగించకుండా వచ్చినవారిలో కొందరికి తెర రాలేదు. అప్‌గ్రేడ్‌కు ముందు బయటి డ్రైవర్‌ను తీసివేసి, తరువాత కొత్తగా పెట్టుకోవడం అప్పటి నుంచీ మంచి పద్ధతిగా నిలిచింది. 2022 మేలో ఎన్‌విడియా తన కెర్నల్ మాడ్యూళ్ల మూల కోడ్‌ను బహిరంగపరిచింది. అది కొత్త చిప్‌లకే వర్తిస్తుంది.

ఇంటెల్ చిప్‌లకూ మినహాయింపు లేదు. 2022 సెప్టెంబరు చివర విడుదలైన 5.19.12 కెర్నల్‌తో కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌ల తెరలు తీవ్రంగా మినుకుమన్నాయి. ప్యానెల్‌కు విద్యుత్ ఇచ్చే వ్యవధి తప్పుగా లెక్క పడటం కారణం. తెర దెబ్బతినే అవకాశముందని ఇంటెల్ ఇంజినీరే ఆ కెర్నల్ వాడవద్దని హెచ్చరించారు. కొన్ని రోజులకే 5.19.13 వచ్చింది. తెర మినుకుమంటూనే ఉంటే అలాగే పని కొనసాగించక పాత కెర్నల్‌కు మారాలని ఈ ఘటన చెబుతుంది.

ఎక్స్ స్థానంలోకి వేలాండ్ రావడం మరో మూలం. 2008లో మొదలైన వేలాండ్‌ను 2016లో ఫెడోరా 25 విడుదల, తరువాత ఎన్‌విడియా లేని యంత్రాలకు ఉబుంటు 21.04 విడుదల డిఫాల్ట్ చేశాయి. అప్‌గ్రేడ్ తరువాత ప్రొజెక్టర్, రెండో మానిటర్ పని చేయకపోతే, పాత సెషన్ ఇంకా లభించే విడుదలల్లో లాగిన్ తెర మూలనున్న చక్రం గుర్తు నుంచి ఎక్స్ సెషన్‌ను ఎంచుకుని పోల్చి చూడవచ్చు.

తెర నల్లగా ఉన్నా టార్చి వెలుగులో అక్షరాలు లీలగా కనిపిస్తే అది బ్యాక్‌లైట్ లోపం. వెలుతురు మీటలు, లేదా బ్యాక్‌లైట్‌కు సంబంధించిన కెర్నల్ పారామీటరు దాన్ని సరిచేస్తాయి. లాగిన్ తెరకే తిరిగివచ్చే లాగిన్ లూప్‌కు సాధారణ కారణాలు డిస్కు నిండిపోవడం, హోమ్ డైరెక్టరీలోని ఎక్స్‌అథారిటీ ఫైలు రూట్ పేరిట మారిపోవడం.

పునరుద్ధరణ విధానం

నల్ల తెర దగ్గర ముందుగా కంట్రోల్-ఆల్ట్-ఎఫ్3 నొక్కి చూడాలి. అక్షరాల లాగిన్ వస్తే వ్యవస్థ బతికే ఉంది. సగంలో ఆగిన ప్యాకేజీలను డెబియన్, ఉబుంటుల్లో డీపీకేజీ సాధనంలోని కాన్ఫిగర్ ఆదేశం పూర్తి చేస్తుంది. క్రితం బూట్‌లో ఏం జరిగిందో జర్నల్‌సీటీఎల్ చూపుతుంది. ఉబుంటులో విడుదల అప్‌గ్రేడ్ చిట్టా లాగ్ డైరెక్టరీలో డిస్ట్-అప్‌గ్రేడ్ పేరుతో ఉంటుంది.

ఏ తెరా రాకపోతే మరో కంప్యూటర్లో తయారు చేసిన లైవ్ యూఎస్‌బీతో బూట్ చేయాలి. ముందు ముఖ్యమైన ఫైళ్లను బయటి డిస్కుకు నకలు తీసుకోవాలి. ఆ తరువాత లోపలి రూట్ విభాగాన్ని మౌంట్ చేసి, డెవ్, ప్రాక్, సిస్ డైరెక్టరీలను దానికి జతచేసి, సీహెచ్‌రూట్ ద్వారా లోపలికి వెళితే ప్యాకేజీలనూ గ్రబ్‌నూ లోపలి నుంచే సరిచేయవచ్చు. యూఈఎఫ్ఐ యంత్రాల్లో ఈఎఫ్ఐ విభాగాన్ని మౌంట్ చేయడం మరిచిపోతే గ్రబ్ మళ్లీ రాసినా ఫలితం ఉండదు. ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కును ముందు పాస్‌ఫ్రేజ్‌తో తెరవాలి. టైమ్‌షిఫ్ట్ వంటి సాధనంతో అప్‌గ్రేడ్‌కు ముందు తీసుకున్న స్నాప్‌షాట్ ఉంటే ఇంత శ్రమ ఉండదు.

ఎల్‌టీఎస్, అంటే దీర్ఘకాల మద్దతు విడుదల, వాడేవారికి ఉబుంటు కొత్త ఎల్‌టీఎస్‌ను దాని తొలి పాయింట్ విడుదల వచ్చాకే సూచిస్తుంది. తొలి నెలల్లో బయటపడే లోపాలు అప్పటికి చాలావరకు సర్దుకుంటాయి. అందువల్ల ఆ సూచన రాకముందే బలవంతంగా మారకపోవడం మంచిది.

తెలుగు వాడుకరికి ప్రత్యేక అంశం

వ్యవస్థ భాషను తెలుగుగా పెట్టుకున్నవారికి అక్షరాల కన్సోల్‌లో ఒక ఇబ్బంది ఎదురవుతుంది. కెర్నల్ వర్చువల్ కన్సోల్ గరిష్ఠంగా 512 అక్షర రూపాలనే పట్టుకోగలదు. వత్తులు, గుణింతాలు కలిపి చూపే శక్తి దానికి లేదు. లోపాన్ని చెప్పే సందేశాలు తెలుగులో వచ్చి, తెర మీద గళ్లుగా, చుక్కలుగా పడతాయి. ల్యాంగ్ చలరాశి విలువను 'సి' అని మార్చి ఆదేశాన్ని మళ్లీ నడిపితే సందేశాలు చదవగలిగేలా ఆంగ్లంలో వస్తాయి. డెస్క్‌టాప్ లేచాక తెలుగు వత్తులు విడిపోయి కనిపిస్తే గ్రాఫిక్స్ డ్రైవర్‌ను అనుమానించనక్కర్లేదు. అది ఫాంట్, లేదా అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీకి చెందిన విషయం. లోహిత్ తెలుగు వంటి ఫాంట్ ప్యాకేజీ అప్‌గ్రేడ్‌లో తొలగిపోయిందేమో చూసి, మళ్లీ పెట్టి, ఫాంట్ క్యాష్‌ను నవీకరిస్తే అక్షరం తిరిగి కుదురుకుంటుంది.